‘జమిషీడులు’లో ఆ ‘డు’ ఎక్కడిది?

పద్యదాహం: షిరాజ్ వైన్ మీద ఒక వ్యాసం రాస్తున్నా. మొదట్లో, ఉమర్ ఖయ్యాం ఫారసీ పద్యాలకు దువ్వూరి రామిరెడ్డి తెలుగు చేసిన ‘పానశాల’ నుంచి పద్యపాదం ఒకటి పెడదామంటే మధ్యలో తెగిపోయింది. ‘క్రాంతులు పాదుషాలు ... జమిషీడులు వేనవేలుగా’, ఆ ఖాళీలో ఏముంది? ఇంకోటి, ఆ ఇరాన్ పురాణాల రాజు జంషీద్ కదా, ‘షీడు’ ఏమిటి? అచ్చుతప్పా?

నెల్లూరోడు: ఖాళీలో ‘బహరామ్’, ఆయనా ఇరాన్ రాజే. ‘అంతము లేని యీ భువనమంత పురాతన పాంథశాల’ ఇక్కడ ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. మా కవికోకిల పద్యం సగం మర్చిపోయి వచ్చి పైగా అచ్చుతప్పు అంటారేంటండీ!

గణవిభజన: ఉత్పలమాల. ‘క్రాంతులు’ భ, ‘పాదుషా’ ర, ‘లుబహ’ న, తర్వాత ‘రామ్‌జమి’ భగణం. ‘జంషీదులు’ అని పెట్టి చూడండి, రామ్-జం-షీ అని మూడు గురువులు వరసగా పడి పాదం కుంటుతుంది. అందుకని ‘మి’ తప్పదు. యతి క్రాం-రా, సంయుక్తాక్షర యతి, ఎవరైనా అడగకముందే చెప్పేస్తున్నా.

పద్యదాహం: సార్, నేనడిగింది ‘మి’ కాదు, ‘డు’. ‘జమిషీదులు’ అన్నా గణం మారదు, ప్రాసకీ సంబంధం లేదు.

డల్లాస్ బాబాయ్: అదేమంత కష్టం, ఖయ్యాంని ఇంగ్లీషు చేసిన ఫిట్జ్‌జెరాల్డ్ ప్రభావం. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి చివరి అక్షరాన్ని ‘డ’ చేశారు. ఇదే పద్యంలో ‘ఇరుసంజలు రంగుల వాకిళుల్’ అన్నదీ అక్కడిదే, రేయీ పగలూ వాకిళ్లుగా ఉన్న సత్రం అన్నది ఫిట్జ్‌జెరాల్డ్ మాటే.

నెల్లూరోడు: రామిరెడ్డిగారు ఫారసీ నేర్చుకుని మూలం చూసి రాసిన మనిషి. పొలం దున్నుకుంటూ ‘కృషీవలుడు’ రాసినాయన, స్పెల్లింగులు చూసి పద్యం కట్టే రకం కాదు.

కొహ్నే రబాత్: ఇద్దరూ సగం సగమే పట్టుకున్నారు. మూలంలో వాకిళ్లు లేవు, ‘అబ్లక్’ ఉంది, అంటే రెండు రంగుల గుర్రం. పొద్దూ సాయంత్రమూ ఆ గుర్రం దిగే పాత సత్రం ఈ లోకం అని. అటు ఫిట్జ్‌జెరాల్డ్ ఈ పద్యంలో సుల్తాన్ తర్వాత సుల్తాన్ అన్నాడే గానీ జంషీద్ పేరే ఎత్తలేదు, అది సింహమూ బల్లీ కాపలా కాసే సభ అనే వేరే పద్యంలో వస్తుంది. ఇక్కడ నూరుమంది జంషీదులు, నూరుమంది బహరాములు ఉన్నది ఫారసీలోనే. అంటే మన పద్యంలో వాకిలి ఇంగ్లీషుది, రాజులు ఫారసీ వాళ్లు, ‘రంగుల’ అన్నది ఆ గుర్రం ఒంటి మీదిదని నా అనుమానం. నూరుని వేనవేలు చేసింది మాత్రం అచ్చంగా ఆయనే.

డల్లాస్ బాబాయ్: గుర్రం రంగు వాకిలికి పూశారన్నమాట. బాగుంది, కానీ నిరూపణ?

హరికథ: ఈ రెంటి తేడా తేలాలనే కదా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు ఫారసీని అచ్చతెలుగులోకీ, ఫిట్జ్‌జెరాల్డ్‌ని సంస్కృతంలోకీ విడివిడిగా దింపారు. దాసుగారిని చదవకుండా ఖయ్యాం గురించి మాట్లాడితే ఎట్లా?

కూజా: వ్యాసం షిరాజ్ మీదన్నారు గనక, పద్యం కంటే ముందు మీ మొదటి పేరానే సరిచూసుకోండి. సీసా మీద షిరాజ్ అని ఉన్నంతమాత్రాన ఆ ద్రాక్ష ఇరాన్‌లోని షిరాజ్ ఊరిది కాదు. ఫ్రాన్స్‌లో దాన్నే సిరా అంటారు. 1998లో డీఎన్ఏ చూస్తే తల్లిదండ్రులు మోందూజ్ బ్లాంష్, దురెజా అని తేలింది, రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్ రకాలే. ఎవరో యోధుడు పర్షియా నుంచి తీగ తెచ్చి రోన్ నది ఒడ్డున ఎర్మితాజ్ కొండ మీద నాటాడన్నది కథే. 1832లో జేమ్స్ బస్బీ తెప్పించిన తీగలతో అది ఆస్ట్రేలియా చేరింది. తర్వాత ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్స్ తోటల్ని తినేసింది గానీ దక్షిణ ఆస్ట్రేలియా వైపు పోలేదు. అందుకే 1840ల్లో నాటిన షిరాజ్ మొదళ్లు బరోసా లోయలో ఇంకా కాపునిస్తున్నాయి, మనిషి నడుమంత లావు, మెలికలు తిరిగిన మాను మీద గుప్పెడు గెలలు. కాపు తక్కువ, రసం చిక్కన.

పద్యదాహం: అంటే జంషీద్‌ని తీసేయాలా?

కూజా: తీసేయొద్దు. కుండలో ద్రాక్ష పులిసిపోతే విషమని పక్కన పెట్టించాడట, అంతఃపురంలో ఒకామె తలనొప్పి భరించలేక చచ్చిపోదామని తాగి హాయిగా నిద్రపోయి లేచిందట. అది కథ. ఇరాన్‌లోనే హాజీ ఫిరూజ్ దిబ్బలో ఏడువేల ఏళ్ల నాటి కుండల్లో వైన్ మడ్డి దొరికింది, అది నిజం. జార్జియా వాళ్లకి మాత్రం ఈ మాట చెప్పకండి, వాళ్లది ఎనిమిదివేల ఏళ్లు. క్వెవ్రీ అనే పెద్ద మట్టి బానని మెడదాకా భూమిలో పాతి, తొక్కా గింజా రసంతోనే ఉంచి పులియబెడతారు. అలా చేస్తే తెల్లద్రాక్ష వైన్ కూడా పసుపు ముదిరిన రంగుకొచ్చి నాలుకకి వగరు తగులుతుంది. నన్నడిగితే షిరాజ్ కంటే దాని మీదే రాయాలి.

సూత్రధారి: మీరంతా ఊరి పేర్ల గురించి ఇంత మాట్లాడుతూ కౌటిల్యుణ్ణి వదిలేశారేం? ‘మృద్వీకారసో మధు, తస్య స్వదేశో వ్యాఖ్యానం కాపిశాయనం హారహూరకమితి’. ద్రాక్షరసం మధువు, పుట్టిన చోటే దాని పేరు. షాంపేన్ వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి సాధించుకున్న సంగతి మనవాడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు. కాపిశి అంటే కాబూల్‌కి ఉత్తరాన బెగ్రాం దగ్గర. పాణినికి దానికోసం ప్రత్యేకంగా సూత్రమే ఉంది.

గణవిభజన: ‘వ్యాఖ్యానం’ అంటే పేరు అని ఎవరన్నారు? వివరణ అనే అర్థం ఎందుకు కాకూడదు?

సూత్రధారి: వెనకే రెండు పేర్లిచ్చి ‘ఇతి’ అన్నాడు గనక.

గణవిభజన: పేర్లనే వివరణగా ఇచ్చాడని నేనూ అనొచ్చు.

కూజా: పేర్ల గొడవంటే ఆస్ట్రేలియా వాళ్ల గ్రాంజ్ అనే షిరాజ్ వైన్‌దే. 1951లో మొదలైనప్పటి నుంచి ‘గ్రాంజ్ హెర్మిటేజ్’. ఆ రెండోది ఇందాకటి రోన్ కొండ పేరే, వీళ్లు ఇంగ్లీషులో పలికారు. యూరప్ వాళ్లు ఊరుకుంటారా, 1990 పంట నుంచి ఉత్త గ్రాంజ్ అయింది.

పద్యదాహం: అన్నీ బాగున్నాయి, రేపు వ్యాసం పంపాలి. డు-నా, దు-నా?

డల్లాస్ బాబాయ్: డు. మన పేపర్లన్నీ జంషెడ్‌పూర్ అనే రాస్తాయి, ‘జంషేద్‌పూర్’ అని ఒక్కడైనా రాశాడా?

కొహ్నే రబాత్: అదే పేపర్లో హైదరాబాద్ ‘ద’తోనే కదా బాబాయ్ ఉంది, అదీ ఫారసీ మాటే.

నెల్లూరోడు: కవి ఏది రాస్తే అది. తొలి ముద్రణ ఉన్నవాళ్లు ఆ పేజీ ఫొటో పెట్టండి, అప్పటిదాకా పద్యం మీద చెయ్యి వేయకండి.

హరికథ: ఫొటో పెట్టేవాళ్లు పక్కనే దాసుగారి పేజీ కూడా పెట్టండి.