సీఎంఎం ప్రోబ్: గుండ్రని రింగ్ ముక్కోణంగా ఎందుకు తేలుతోంది?

ప్రశ్న: మా ఇన్‌స్పెక్షన్ గదిలోని సీఎంఎంకు (వస్తువుల కొలతలు తీసే కోఆర్డినేట్ మెజరింగ్ మెషీన్‌కు) సాధారణ టచ్ ట్రిగ్గర్ ప్రోబ్, అంటే వస్తువును తాకగానే సంకేతమిచ్చే ప్రోబ్ ఉంది. రింగ్ గేజ్‌ను (కచ్చితమైన కొలతతో చేసిన గుండ్రని రింగ్‌ను) ఒకే చోట మళ్లీ మళ్లీ తాకిస్తే రీడింగ్ నిలకడగానే వస్తున్నా, చుట్టూ కొలిస్తే మాత్రం వృత్తం కొద్దిగా ముక్కోణంగా తేలుతోంది. ఇంత స్వల్ప స్పర్శను పసిగట్టే పరికరంలో దిక్కును బట్టి తేడా ఎందుకు వస్తుందో దయచేసి వివరించగలరు.

సమాధానం 1: రింగ్‌ను అనుమానించకండి, ఇది ప్రోబ్ నిర్మాణంలోనే ఉన్న గుణం. స్టైలస్‌ను (కొనన రూబీ బాల్ ఉన్న సన్నని పుల్లను) మోసే మూడు కడ్డీలు స్ప్రింగ్ ఒత్తిడితో ఒక్కొక్కటి రెండేసి గుండ్ల మీద కూర్చుని ఉంటాయి. వాటి గుండా విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటుంది కనుక, రూబీ బాల్ వస్తువును తాకి ఆ కూర్పు కదలబోగానే నిరోధం పెరిగి సంకేతం వెలువడుతుంది. ముక్కాలి పీట రెండు కాళ్ల నడుమకు తోస్తే తేలిగ్గా ఒరుగుతుంది, కాలి వైపు తోస్తే మొరాయిస్తుంది, ఇక్కడా అంతే. ఎక్కువ బలం కావలసిన దిక్కులో, సంకేతం వచ్చేలోపే స్టైలస్ మరికాస్త వంగుతుంది. కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజన్లలోని సన్నని గొట్టాలను కొలవడానికి 1972లో డేవిడ్ మెక్‌మర్ట్రీ రూపొందించిన ఏర్పాటు ఇదే.

సమాధానం 2: పై వివరణ సరైనదే. కొలత ముందే తెలిసిన రిఫరెన్స్ గోళంపై చేసే మామూలు కాలిబ్రేషన్ సగటు వంపునే సరిచేస్తుంది, దిక్కుల మధ్య తేడా మిగిలిపోతుంది. ముందుగా పొట్టి, దృఢమైన స్టైలస్ బిగించి చూడండి. అదీ చాలకపోతే స్ట్రెయిన్ గేజ్ (బలానికి కలిగే స్వల్ప సాగుదలను పసిగట్టే సెన్సర్) ఉన్న ప్రోబ్‌కు మారడమే మేలు. కూర్పు కదలకముందే బలాన్ని గుర్తిస్తుంది కాబట్టి అందులో ఈ ముక్కోణం దాదాపు కనిపించదు. ధర ఎక్కువే, అది వేరే సంగతి.