నాన్నకు కడుపులో మంట, పైగా ఊరికే కోపం: ఎవరింట్లోనైనా ఇలా అయిందా?

తెనాలి_అమ్మాయి:
నాన్నకు 64. ఎండోస్కోపీ చేసి గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు అన్నారు. ఆరు నెలలుగా మనిషే మారిపోయారు. అన్నం వడ్డిస్తే కసురుకుంటారు. మొన్న మనవడి పేరు గుర్తురాక తడుముకున్నారు. రెండింటికీ సంబంధం ఉంటుందా?

పల్నాడు_రైతు:
కారం మానిపించండమ్మా. నాకు దాంతోనే తగ్గింది.

మందుల_షాపు:
పాతికేళ్లుగా మందులమ్ముతున్నా, వినండి. కారంతో పేగుపూత రాదు. చాలామందికి మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో దాన్ని తనే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో నోబెల్ ఇచ్చారు.

పల్నాడు_రైతు:
నోబెల్ సంగతి నాకెందుకు? బజ్జీలు తిన్న రాత్రి నిద్రపోయేది నేనా, ఆయనా?

మందుల_షాపు:
మంట పెరగడం వేరు, జబ్బు పుట్టడం వేరు. ఎన్నిసార్లు చెప్పాలి?

హనుమకొండ_టీచర్:
కారం గొడవ ఆపండి. ఆమె అడిగింది కోపం గురించి. మా అత్తమ్మ షుగర్‌కు మెట్‌ఫార్మిన్, పొద్దున్నే కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్, ఏళ్ల తరబడి వేసుకుంది. రెండూ నరాలకు అవసరమైన బి12 విటమిన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవట. పైగా శాకాహారి, తిండిలోనూ బి12 తక్కువే. అరికాళ్లు తిమ్మిరంటే వయసు మీద పడిందనుకున్నాం. గుడి నుంచి వస్తుంటే కాలి చెప్పు జారిపోయినా ఆమెకు తెలియలేదు, ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది. పరీక్ష చేయిస్తే బి12 118, బాగా తక్కువ. ఇంజెక్షన్లు మొదలయ్యాక రెండు నెలలకు చిరాకు పోయి మళ్లీ మామూలుగా మాట్లాడింది.

మందుల_షాపు:
ఈమధ్య అన్నిటికీ బి12 అంటున్నారు. ఫోలిక్ యాసిడ్ బిళ్ల వేస్తే రక్తం పడుతుంది, నీరసం పోతుంది.

డల్లాస్_నర్సు:
దయచేసి అలా చెప్పకండి. బి12 తక్కువున్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం రిపోర్టు బాగుపడుతుంది, నరాలు మాత్రం లోపల పాడవుతూనే ఉంటాయి. కొందరికి ఒంట్లో రోగనిరోధక శక్తే కడుపు పొర మీద దాడి చేస్తుంది. వాళ్లకు తిండిలోని బి12 పట్టదు. ఎండోస్కోపీలో బయాప్సీకి కడుపు పొర ముక్క తీశారా అమ్మా?

పల్నాడు_రైతు:
షాపాయన మోకాళ్ల నొప్పుల బిళ్లల ఊసెత్తడేం? మా అన్న ఏడాదిపాటు డైక్లోఫెనాక్ చీటీ లేకుండానే కొని మింగాడు. విరేచనం నల్లగా అయ్యాక గానీ లోపల రక్తం కారుతోందని తెలియలేదు. అమ్మింది మీలాంటివాళ్లే.

మందుల_షాపు:
అందర్నీ ఒకే గాటన కట్టకండి. చీటీ లేకుండా నేను ఒక్క బిళ్ల ఇవ్వలేదు.

కూకట్‌పల్లి_శ్రీను:
పైలోరీకి 14 రోజుల కోర్సు వాడా, నోరంతా చేదు. పోయిందో లేదో చూడ్డానికి ఊదే పరీక్షకు వెళ్లా. పాంటోప్రజోల్ రెండు వారాల ముందే ఆపాలని అక్కడికెళ్లాక చెప్పారు. డబ్బు, సెలవు దండగ.

తెనాలి_అమ్మాయి:
టీచర్ గారూ, చెప్పు సంగతి చదివి గుండె ఆగినంత పనైంది. నిన్న నాన్న కూడా ఒంటి చెప్పుతో గుమ్మంలో నిలబడ్డారు. నేను విసుక్కున్నాను. బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు. రేపు పొద్దున్నే బి12కు రక్తం ఇప్పిస్తా. పరగడుపున వెళ్లాలా?

డల్లాస్_నర్సు:
ల్యాబుకు ఫోన్ చేసి అడగండి. కాళ్ల తిమ్మిరి ఉందేమో ఈ రాత్రే కనుక్కోండి. పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.