కొండపల్లి బొమ్మ: మక్కు అతుకు పగులుతోంది, తెల్ల పూత పెచ్చులు లేస్తోంది

కొలువు_గుంటూరు:
తెల్ల పొణికి కర్రతో జానెడెత్తు అంబారీ ఏనుగు. తొండం, చెవులు, మావటి చేతులు విడిగా చెక్కి మక్కుతో (అతుకులకి వాడే ముద్ద) అతికించాను. మూడో రోజుకి తొండం మొదట్లో వెంట్రుకవాసి పగులు. వీపు మీద తెల్ల పూత పెచ్చులుగా లేస్తోంది. మక్కుకి పచ్చి చింతగింజల పొడి, చన్నీళ్లు, రంపపు పొట్టు వాడాను. పూతకి గోడల సున్నం. కర్ర ఎండిందనే అమ్మారు. ఫెవికాల్‌కి మారిపోనా?

ఉలిపని:
ఎండిందన్న మాట నమ్మకండి. పొణికి మెత్తటి కర్ర, తడి బాగా పట్టేస్తుంది. పైకి పొడిగా ఉన్నా లోపల పచ్చే. కొండపల్లిలో సన్నటి సెగ మీద కాచి ఆ చెమ్మ తీసేది అందుకే. మంట పెంచితే పైపొర ముందే ముడుచుకుని చివర్లు చీలతాయి. వంటింటి త్రాసులో రోజూ తూచండి. వరసగా రెండు రోజులు బరువు తగ్గకపోతే అప్పుడు ఉలి పట్టండి. మీ ఏనుగులో సన్నటి తొండం ముందే ఎండింది, లావు ఒళ్లు తర్వాత కుంచించుకుంది. లాగుడంతా అతుకు మీద పడింది.

మక్కు సంగతి. పచ్చి పొడి చన్నీళ్లలో జిగురు కాదు, ఉడకాలి. గింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, జల్లించండి. గ్లాసు పొడిని ఆరు గ్లాసుల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగన 15–20 నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కలుపుతూ చపాతీ ముద్దలా చెయ్యండి. పొట్టు తక్కువైతే ఎండేటప్పుడు ముడుచుకుంటుంది, మరీ ఎక్కువైతే పెళుసుగా రాలుతుంది. అతుకు ముఖాల్ని ఆకురాయితో గరుకు చేసి, ముందు ఉత్త జిగురు రాసి, తర్వాత మక్కు పెట్టండి. ఒకేసారి 2 మిల్లీమీటర్లు మించొద్దు. ఆరబెట్టడం నీడలోనే. తొండం బరువుకి లోపల వెదురు పుల్ల దిగేస్తే ఇంకా మంచిది.

రంగులకుంచె:
పెచ్చులకి కారణం దుమ్ము, మందం. గరుకు కాగితం పెట్టి కర్రని రుద్దాక నల్లగుడ్డతో తుడిచి చూడండి, గుడ్డ తెల్లబడితే పూతకి పట్టు ఉండదు. సున్నాన్ని గుడ్డలో వడగట్టి, కొంచెం తుమ్మజిగురు కలిపి, పాలంత పల్చగా రెండు మూడు పూతలు వెయ్యండి. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి. పసుపుతో రంగు వేద్దామనుకుంటే మాత్రం ఆగండి, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి అయ్యేది అలాగే కదా!

కొలువు_గుంటూరు:
సున్నం గొడవ లేకుండా ఏటికొప్పాక వాళ్లలా లక్క వేస్తే?

అంకుడుకర్ర:
కుదరదండీ. అక్కడ లేత్ మీద గిరగిరా తిరిగే అంకుడు కర్రకి రంగులక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు. ఏనుగుని లేత్ మీద తిప్పలేరు.

ఫెవికాల్ అతుకు గట్టిగానే ఉంటుంది. కానీ బయటికి కారిన చోట కర్ర మూసుకుపోయి సున్నం పట్టదు. మక్కు రెండ్రోజుల్లో పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజు కలుపుకోండి. నిలవకని మైలుతుత్తం వేసేవాళ్లున్నారు. అది విషం, పిల్లల చేతికిచ్చే బొమ్మలో వద్దు.

పగులు మీద మళ్లీ మక్కు పూయకండి. అతుక్కి తడిగుడ్డ చుట్టి గంటసేపు వదిలేస్తే మెత్తబడి తొండం ఊడొస్తుంది. పాత మక్కు గీకేసి, ఒంటినీ తొండాన్నీ మళ్లీ తూచుతూ ఆరబెట్టుకోండి.

ఉలిపని:
ఒళ్లు అప్పటికీ పచ్చిగా ఉంటే పొట్ట కింద నుంచి కాస్త తొలవండి, త్వరగా ఆరుతుంది. ఆ భాగం పీట మీద కనపడదు.