మాటలు ఆలస్యమైన బిడ్డతో ఇంట్లో తెలుగు మానేయాలా?

పటమట తల్లి

మా బాబుకు రెండేళ్ల ఏడు నెలలు. అమ్మ, తాత, బువ్వ, కాకి, "ఇంకా" వంటి పదిహేను మాటలకు మించి పలకడు. రెండు మాటలు కలిపి చెప్పడం ఇంతవరకు మొదలే కాలేదు. పిలిస్తే తిరిగి చూస్తాడు, కావలసినదాన్ని వేలితో చూపిస్తాడు, చెప్పిన చిన్న చిన్న పనులు చేస్తాడు. సూర్యారావుపేటలో పిల్లల డాక్టరు గారు రాసిచ్చిన వినికిడి పరీక్ష చేయించాము, లోపమేమీ లేదన్నారు. వారానికి రెండు రోజుల చొప్పున స్పీచ్ థెరపీ కూడా మొదలుపెట్టాము.

చర్చకు పెడుతున్న విషయం వేరు. బాబును చేర్చిన ప్లేస్కూలువారు, ఇంట్లో తెలుగూ అక్కడ ఇంగ్లీషూ వినడం వల్ల పిల్లవాడు తికమకపడుతున్నాడనీ, రేపు చదవబోయేది ఇంగ్లీషులోనే కాబట్టి ఇంట్లో కూడా అదొక్కటే మాట్లాడమనీ చెప్పారు. మావారికి ఆ మాట నచ్చింది. అయితే పగలంతా బాబును చూసుకొనేది మా అత్తగారు. ఆవిడది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇంగ్లీషు రాదు. ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందోనని మూడు వారాలుగా ఆవిడ మనవడితో నోరు విప్పడానికే జంకుతున్నారు. ఇల్లు చిన్నబోయినట్టుంది. అనుభవమున్నవారు చెప్పండి, ఇది సరైన పనేనా?

సింగ్‌నగర్ నాన్న

ప్లేస్కూలువారి సలహాలో నాకు తప్పేమీ కనిపించడం లేదండీ. మా అబ్బాయికి కూడా రెండున్నరేళ్లు దాటినా మాటలు రాకపోతే, ఇంట్లో అందరమూ ఇంగ్లీషుకు మారిపోయాము. ఇప్పుడు వాడికి మూడేళ్ల రెండు నెలలు. రంగుల పేర్లు, జంతువుల పేర్లు, ఇరవై వరకు అంకెలు తడుముకోకుండా చెబుతాడు. ఈత రానివాణ్ణి ఒకేసారి బందరు కాలువలోనూ ఏలూరు కాలువలోనూ దింపము కదా! ఒకదానిలో ఈదడం వచ్చాక రెండోదాని సంగతి చూసుకోవచ్చు. తెలుగు ఎక్కడికీ పోదు, వీధిలో అదే వస్తుంది. బడిలో అడిగేది మాత్రం ఇంగ్లీషు. మాట రాని పిల్లవాణ్ణి అక్కడ ఎవరు ఆగి అర్థం చేసుకొంటారో ఆలోచించండి. మీ అత్తగారు బాధపడటం నాకు అర్థమవుతుంది కానీ, బిడ్డ భవిష్యత్తు ముందు అది చిన్న విషయమని నా అభిప్రాయం.

బ్రాడీపేట పంతులమ్మ

అమ్మాయీ, ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పినదాన్ని, అందుకని రాస్తున్నాను. ఇంట్లో తెలుగు మానేయడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. ఆ మాటకొస్తే థెరపీకి కూడా ఇప్పుడే తొందరేమిటో నాకు తెలియదు. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి. మా పెద్దవాడు మూడేళ్లు నిండేదాకా "ఊఁ" కొట్టడమే తప్ప పలికిన పాపాన పోలేదు, ఈ రోజు నోరు మూయించలేకపోతున్నాము. మా అత్తగారు వసకొమ్మును సాన మీద అరగదీసి, తేనెలో కలిపి నాలుక మీద రాసేవారు. వసపిట్టలా వాగుతున్నాడని ఊరికే అన్నారా?

మంగళగిరి అమ్మ

పెద్దవారికి ఎదురు చెబుతున్నందుకు మన్నించాలి. "వాళ్ల నాన్నకూ ఆలస్యమే" అన్న మాట పట్టుకొని మేము మా పాప విషయంలో మూడేళ్ల దాకా ఆగాము. మొదట చూపించిన డాక్టరు కూడా బడికి వెళ్తే అదే వస్తుందన్నారు. పాప వెనక నిలబడి స్టీలు పళ్లెం కింద పడేస్తే ఉలిక్కిపడేది కాబట్టి, వినికిడి బాగానే ఉందని మాకు మేమే తీర్పు చెప్పుకొన్నాము. చివరికి గుంటూరు కొత్తపేటలో చెవి పరీక్ష చేయిస్తే, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు నిలిచి ఉందని తేలింది. అలాంటి బిడ్డకు పళ్లెం చప్పుడు వినిపిస్తుంది. మాట మాత్రం నీళ్ల అడుగున ఉన్నవారికి గట్టు మీద మాటలు వినిపించినట్టు అస్పష్టంగా చేరుతుంది. స, త, ప వంటి మెత్తని ధ్వనులు అసలు అందవు. మా పాప నిద్రలో నోరు తెరుచుకొని గాలి పీల్చడం, నెలకోసారి జలుబు రావడం, టీవీ దగ్గరకు వెళ్లి నిలబడటం, అన్నీ మా కళ్ల ముందే జరిగాయి. చెవిలో చిన్న గొట్టాలు వేయించిన తర్వాత ఇంటికి వచ్చే దారిలో, ఆటో హారనుకు చెవులు మూసుకొని ఏడ్చింది. అంతకుముందు ఆ చప్పుడుకు ఎప్పుడూ ఏడవలేదు.

పటమట వారు పరీక్ష ముందే చేయించారు, సంతోషం. చదివే మిగతావారి కోసం ఇది రాశాను.

గుంటూరు స్పీచ్ థెరపిస్టు

ఈ వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఎదురుచూడటం గురించి. సాధారణంగా ఏడాది నిండే వేళకు మొదటి మాట వస్తుంది, రెండేళ్లు నిండేసరికి యాభై వరకు మాటలు, "అమ్మ రా", "పాలు ఇంకా" వంటి రెండు మాటల కలయికలు వస్తాయి. ఆడపిల్లలతో పోలిస్తే మగపిల్లలు వెనకబడేది కొన్ని వారాలు, మహా అయితే ఒకటి రెండు నెలలు. ఏడాది, ఏడాదిన్నర ఆలస్యాన్ని మగపిల్లవాడన్న మాటతో సరిపెట్టుకోకూడదు. పంతులమ్మ గారి అబ్బాయి వంటివారు లేరనడం లేదు. అర్థం చేసుకోవడం, వేలితో చూపడం, పేరు పిలిస్తే పలకడం బాగా ఉన్న పిల్లల్లో చాలామంది బడి వయసుకు అందుకొంటారు. ఎవరు అందుకొంటారో, ఎవరు అందుకోరో రెండేళ్ల వయసులో ముందుగా చెప్పే సాధనం మాత్రం మా దగ్గర లేదు. అందుకే చూపించుకోవడం ఆపవద్దంటాము. చూపించుకొన్న ప్రతి బిడ్డకూ థెరపీ అవసరమవుతుందని కాదు.

వస సంగతి. అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో అది క్యాన్సర్ కలిగించినట్టు తేలడంతో, అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1968లోనే వసను ఆహారపదార్థాల్లో వాడకుండా నిషేధించింది. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా ప్రమాదమే. పంతులమ్మ గారూ, ఆ సామెతను ఉంచుకొందాము, కొమ్మును పక్కన పెడదాము.

ఇక అసలు ప్రశ్న. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఇది నా ఇష్టాయిష్టాలకు సంబంధించిన మాట కాదు, చాలా దేశాల్లో పరిశీలించి తేల్చినది. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ మాట్లాడే కెనడా పిల్లల్లో భాషా లోపం ఉన్నవారిని, అదే లోపం ఉండి ఒకే భాష మాట్లాడే పిల్లలతో పోల్చిన అధ్యయనం 2003లో వచ్చింది. రెండు భాషల పిల్లలు వారికంటే ఎక్కువ వెనకబడి కనిపించలేదు. డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లల మీద తర్వాత జరిగిన పరిశీలనల్లోనూ రెండో భాష వల్ల నష్టం కనిపించలేదు. సింగ్‌నగర్ గారి పోలికనే తీసుకొంటే, బందరు కాలువకూ ఏలూరు కాలువకూ నీళ్లు వచ్చేది ఒక్క ప్రకాశం బ్యారేజీ నుంచే. వంతు తీసుకొని మాట్లాడటం, ఎదుటివాడి ముఖం చూసి మనసు తెలుసుకోవడం, పేరుకూ వస్తువుకూ ముడి వేసుకోవడం ఏ భాషలో నేర్చుకొన్నా రెండో భాషకు పనికివస్తాయి.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది వేరొకటి ఉంది. మనకు పూర్తిగా చేతకాని భాషలో మనం బిడ్డతో మాట్లాడటం మానేసి ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెడతాము. తెలుగులో అయితే "అయ్యో, చొక్కా మీద ఎంత పప్పు ఒలకబోసుకొన్నావురా, చూడు, పొట్ట మీదే బువ్వ తినేస్తోంది నీ చొక్కా" అనే తల్లి, ఇంగ్లీషులో "నో, డర్టీ" అని ఊరుకొంటుంది. బిడ్డకు అందవలసిన పదమూడు మాటల్లో రెండే అందుతాయి. పైగా మన భాషలో చంటిపిల్లల కోసమే పుట్టిన మాటలు ఎన్ని ఉన్నాయో చూడండి: బువ్వ, లాల, బొజ్జ, తాత. పెదవులతోనో, పళ్ల దగ్గర నాలుక ఆనించో పలికే తేలిక ధ్వనులు, రెట్టించిన హల్లులు. మాట కష్టమైన బిడ్డకు ఇంతకంటే సులువైన మెట్లు ఎవరు కట్టిస్తారు?

పటమట తల్లి గారూ, మీ అత్తగారికి చెప్పవలసినవి రెండే. "ఇదేంటి? అదేంటి?" అని పరీక్ష పెట్టకుండా, చేస్తున్న పనిని బిడ్డ ముఖానికి ఎదురుగా కూర్చొని చెబుతూ ఉండమనండి. ఏదైనా అడిగినప్పుడు మనసులో పది లెక్కపెట్టుకొనేదాకా ఆగమనండి, ఈ ఆగడమే అందరికీ కష్టం. బాబు "నీళ్లు" అంటే, "నీళ్లు కావాలా? చల్లటి నీళ్లు" అని ఒక మాట చేర్చి తిరిగి ఇవ్వాలి, పలకనంత మాత్రాన గ్లాసు దాచిపెట్టకూడదు.

ఖర్చు భారమైనవారు, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి పుట్టుక మొదలు పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయని గుర్తుంచుకోండి. ఎదుగుదలలో ఆలస్యం అందులోకి వస్తుంది, అంగన్‌వాడీలో అడగండి. డబ్బు పెట్టి వెళ్లే చోట, థెరపిస్టుకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందో లేదో నిర్మొహమాటంగా అడగండి.

సింగ్‌నగర్ నాన్న

మేడమ్, మీ మాట కాదనను. కానీ ప్రతి ఇంటా తెలుగు ధారాళంగా ప్రవహిస్తోందని మీరు అనుకొంటున్నారు. మా ఇద్దరికీ ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. చూసుకొనే అమ్మాయి ఫోన్ చేతికిచ్చి పని చేసుకొంటుంది. మావాడు నేర్చుకొన్న మాటలు నిజానికి ఫోన్‌లో బొమ్మల నుంచే వచ్చాయి, అవి ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి మేమూ అందులోనే అందుకొన్నాము. థెరపీలో కూడా చూపించే బొమ్మల కార్డుల మీద ఉన్నది ఇంగ్లీషే. గంటకు 700 రూపాయలు ఇచ్చి అక్కడ ఇంగ్లీషు నేర్పించి, ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడమంటే ఎలా?

గుంటూరు స్పీచ్ థెరపిస్టు

కార్డుల విషయంలో తప్పు మాదే. తెలుగు పిల్లల కోసం తయారైన సామగ్రి మా గదుల్లో తక్కువ, దొరికినదానితో నెట్టుకొస్తున్నాము. మీరు అడిగితే చాలామంది థెరపిస్టులు తెలుగులోనే పని చేస్తారు, తల్లిదండ్రులు అడగరు. ఫోన్ సంగతి వేరు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదనీ, ఏడాది పిల్లలకు అసలే వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ మీ అబ్బాయికి అంకెలు చెప్పగలదు, అతని కోసం ఆగలేదు. ఒక్క ప్రశ్న అడుగుతాను, నొచ్చుకోకండి. దాహం వేసినప్పుడు అతను ఏం చేస్తాడు?

సింగ్‌నగర్ నాన్న

మా చెయ్యి పట్టుకొని ఫ్రిజ్ దగ్గరకు తీసుకెళ్తాడు.

గుంటూరు స్పీచ్ థెరపిస్టు

అంకెలు ఇరవై దాకా వచ్చి, నీళ్లు అడగడం రాలేదంటే, వచ్చినది వల్లింపు. మాట ఇంకా రావలసి ఉంది. పిలిస్తే పలుకుతున్నాడా, తనకు నచ్చినదాన్ని తెచ్చి మీకు చూపిస్తున్నాడా అన్నవి కూడా గమనించి, ఈ నెలలోనే పిల్లల ఎదుగుదల నిపుణులకు చూపించండి. భయపెట్టడానికి కాదు.

బ్రాడీపేట పంతులమ్మ

వస విషయం నాకు తెలియదమ్మా, ఇక చెప్పను. ఆగమన్న మాట కూడా సగం వెనక్కి తీసుకొంటున్నాను. తెలుగు మానవద్దన్న మాట మాత్రం పూర్తిగా ఉంచుతున్నాను. అత్త, పిన్ని, పెద్దమ్మ, అమ్మమ్మ అందరూ కలిసి ఒక్క "ఆంటీ" అయిపోయిన ఇళ్లలో పిల్లవాడికి పలకడానికి మాత్రం ఏం మిగులుతుంది?

పటమట తల్లి

అందరికీ కృతజ్ఞతలు. ఇక్కడి మాటలు చదివాక ఒక పని చేశాను. ఆదివారం సాయంత్రం నేను బాబుతో గడిపిన అరగంటను ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రి విన్నాను. నేను ఇంగ్లీషులో ఎం.బి.ఎ. చదివినదాన్ని, ఆఫీసులో రోజంతా అదే మాట్లాడతాను. అయినా ఆ అరగంటలో నా నోట వచ్చినవి కమ్, సిట్, ఫినిష్ ఇట్, గుడ్ బాయ్, నో. ఇవే మళ్లీ మళ్లీ. మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం. విని సిగ్గుపడ్డాను.

మర్నాడు అత్తయ్యగారితో, మీకు ఎలా వస్తే అలా మాట్లాడండి అన్నాను. ఆవిడ చాప మీద చిక్కుడుకాయలు పోసుకొని ఈనెలు తీస్తూ కూర్చొన్నారు, బాబు ఎదురుగా. "ఇది లేతది, గిన్నెలోకి. ఇది ముదురు, గింజ తీద్దాం. ఇది పుచ్చు, పారేద్దాం, ఛీ పురుగు." ప్రతి కాయకూ ఇదే వరస. మంగళవారం కూడా అంతే, ఆ రోజు గోరుచిక్కుడు. గురువారం మళ్లీ చిక్కుడుకాయలు. నేను లాప్‌టాప్ ముందు ఉన్నాను. ఆవిడ మాట ఆపి, ఒక కాయ పట్టుకొని ఊరికే చూస్తున్నారు. పది లెక్కపెడుతున్నారని తర్వాత తెలిసింది. బాబు కుప్పలో చెయ్యి పెట్టి, నల్లటి రంధ్రమున్న కాయ ఒకటి తీసి, ముక్కు చిట్లించి, "పుచ్చు" అన్నాడు. కాసేపు ఆగి, "పుచ్చు, ఛీ" అన్నాడు.

రెండు మాటలు కలిపినట్టేనా మేడమ్?

మావారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ప్లేస్కూలువారితో శనివారం మాట్లాడాలి. అక్కడ ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు అని చెప్పబోతున్నాను. వాళ్లు ఏమంటారో చూడాలి.

గుంటూరు స్పీచ్ థెరపిస్టు

కలిపినట్టే. తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి.

సింగ్‌నగర్ నాన్న

వచ్చే బుధవారానికి డాక్టరు గారి అపాయింట్‌మెంట్ తీసుకొన్నాను. ఇంకొక సంగతి. ఈ రోజు రైతుబజారు నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు మావాడి ముందు పోశాను. ఒకటి తీసుకొని "గ్రీన్" అన్నాడు. దాన్ని కూడా మాటగా లెక్క వేస్తారా?

గుంటూరు స్పీచ్ థెరపిస్టు

వేస్తాను. అది అన్నప్పుడు కాయ వైపే చూశాడా, మీ వైపు కూడా చూశాడా?