చేపల ట్యాంకులో సీఓ2 చెకర్ ఆకుపచ్చగానే ఉంది, చేపలు మాత్రం పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి: గ్యాస్ తగ్గించాలా, గాలి పెంచాలా?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
మూడడుగుల ట్యాంకు, బోరు నీళ్లు. రోటాలా, మోంటే కార్లో అనే నీటి మొక్కలు వేశాను. మొక్కల కోసం సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ ఇస్తున్నాను, సిలిండర్‌కు సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్), టైమరు ఉన్నాయి. లైట్లు పదకొండుకు వెలుగుతాయి, గ్యాస్ అంతకు రెండు గంటల ముందే మొదలవుతుంది. డ్రాప్ చెకర్ (రంగును బట్టి సీఓ2 అంచనా వేసే గాజుబుడ్డి) చక్కటి ఆకుపచ్చ. అయినా మధ్యాహ్నం మూడు దాటేసరికి నియాన్ టెట్రాలన్నీ పైకి చేరి నోళ్లు తెరుస్తున్నాయి. నీళ్లు 31 డిగ్రీలు. షాపాయనేమో "రంగు పచ్చగా ఉంటే గ్యాస్ జోలికి పోవద్దు, ఎండలకు ఆక్సిజన్ తగ్గింది, ఎయిర్ పంపు పెట్టు" అన్నాడు. నా ఫ్రెండేమో ఎయిర్ పంపు పెడితే గ్యాసంతా ఎగిరిపోతుంది, డబ్బు దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

బోరు నీళ్లే దిక్కు (అనంతపురం):
షాపాయన మాటే కరెక్ట్. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 32కు వచ్చేసరికి 7.3 మాత్రమే. పైగా వేడికి చేపలకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. చెకర్ పచ్చగా ఉందంటే సీఓ2 30 పీపీఎం (లీటరుకు 30 మిల్లీగ్రాములు), అది సరైన లెవెలే. అసలు మన బోరు నీళ్లలో గ్యాస్ నిలవదు, ఎక్కువయ్యే ప్రశ్నే లేదు. పంపు పెట్టి టెన్షన్ లేకుండా ఉండండి.

నాపరాయి (కడప):
ముందు టైము చూడండి. ఆక్సిజన్ చాలక చేపలు పైకి రావాలంటే తెల్లవారుజామున రావాలి, రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకునేవే కాబట్టి. మధ్యాహ్నం మూడింటికి లైట్లు వెలిగి నాలుగు గంటలైంది. మొక్కలు బాగుంటే అప్పటికి ఆక్సిజన్ పెరుగుతూ ఉండాలి. ఆ టైములో పైకొచ్చాయంటే నేను ముందు సీఓ2నే అనుమానిస్తా. నీళ్లలో అది మరీ ఎక్కువైతే చేప ఒంట్లోంచి సీఓ2 బయటికి పోదు, రక్తం ఆక్సిజన్‌ను పట్టుకోవడమూ తగ్గుతుంది. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడదు.

బోరు నీళ్లలో గ్యాస్ నిలవదనేది వట్టి మాట అన్నా. కేహెచ్ (నీళ్లలోని కార్బొనేట్ల కొలత) 4 అయినా 14 అయినా కరిగే గ్యాస్ అంతే. మారేదల్లా పీహెచ్ ఎక్కడ నిలబడుతుందన్నదే.

గట్టు గారూ, చెకర్ లోపల ఏం నీళ్లు పోశారు?

తుంగభద్ర గట్టు:
షాపులో చెప్పినట్టు ట్యాంకు నీళ్లే పోసి నీలం మందు మూడు చుక్కలు వేశాను. కేహెచ్ 14. పీహెచ్ పొద్దున గ్యాస్ మొదలవకముందు 8.0, మూడింటికి 6.8. టీడీఎస్ కూడా చెప్పమంటారా?

నాపరాయి:
టీడీఎస్ వద్దు, దాన్నిబట్టి కేహెచ్ తెలీదు. మీ చిక్కు చెకర్‌లోనే ఉంది. అది నేరుగా సీఓ2ను కొలవదు, లోపలున్న నీళ్ల పీహెచ్‌ను రంగులో చూపిస్తుంది. లోపల 4 కేహెచ్ నీళ్లుంటేనే పచ్చ అంటే 30. ట్యాంకు నీళ్లే పోస్తే అది ట్యాంకు పీహెచ్ చూపే గాజుబుడ్డి, అంతే.

లెక్క వేద్దాం. కేహెచ్ మారకపోతే, సీఓ2 పెరిగేకొద్దీ పీహెచ్ దిగుతుంది. కేహెచ్‌ను 3తో గుణిస్తే 42. పీహెచ్ 7.0 ఉంటే సీఓ2 సరిగ్గా అంతే, 42 పీపీఎం. మీది 6.8, ఇంకో 0.2 కిందికి దిగింది కాబట్టి దాన్ని 1.58తో గుణించాలి. 66 దాటింది. అదే 4 కేహెచ్ నీళ్లు పోసి ఉంటే చెకర్ ఈపాటికి పసుపు తిరిగేది.

బోరు నీళ్లే దిక్కు:
ఆ ఫార్ములా అన్నిచోట్లా పని చేయదు. నీళ్లలో కార్బొనేట్లు తప్ప పీహెచ్‌ను మార్చేవి వేరే ఏవీ లేనప్పుడే అది కరెక్ట్. ట్యాంకులో దుంగ ఉండి రంగు దిగుతుంటే లెక్క ఎక్కువ చూపిస్తుంది. గ్యాస్‌తో పీహెచ్ ఒక పాయింట్ దిగితే మొక్కలకు చాలని అందరూ చెప్పేదే. ఈయనకు 1.2 దిగింది, ఇందులో కొంప మునిగేదేముంది?

నాపరాయి:
దుంగల సంగతి మీరన్నది నిజం. అందుకే 66 అన్న అంకెను నేను పట్టుకుని వేలాడను. కానీ ఒక పాయింటంటే పది రెట్లు. దేనికి పది రెట్లన్నది చూడాలి కదా! పొద్దున 8.0 దగ్గరే ఈయన నీళ్లలో 4 పీపీఎం పైన ఉంది. ఒక గ్లాసు నీళ్లు తీసి రోజంతా బయట పెట్టి కొలవమనండి, 8.0 కంటే బాగా పైకి పోతుంది. అంటే రాత్రంతా గ్యాస్ ఆపినా అది పూర్తిగా బయటికి పోవట్లేదు. నీళ్ల పైభాగం అద్దంలా కదలకుండా ఉండుంటుంది. ఫిల్టర్ పైపు మూతిని కొంచెం పైకి తిప్పి అల లేపితే ఆక్సిజన్ దిగుతుంది, మిగులు గ్యాస్ పోతుంది. దాంతో గ్యాస్ కాస్త ఎక్కువ ఖర్చయినా అదేం పెద్ద ఖర్చు కాదు. కాబట్టి షాపాయన చెప్పిన గాలి మంచిదే, కారణమే తప్పు.

పసిడి ఊరు (ప్రొద్దుటూరు):
4 కేహెచ్ నీళ్లు కొననక్కర్లేదు. బ్యాటరీల షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. లీటరులో 1.2 గ్రాముల వంటసోడా కలిపితే 40 కేహెచ్. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసుకుని, మళ్లీ డిస్టిల్డ్ వాటరే పోసి లీటరు చేస్తే 4. వంటింటి త్రాసు మీద 1.2 గ్రాములు తూగవు. మా ఊళ్లో బంగారం కొట్లకు కొదవా, వెళ్లి అడిగితే నవ్వుకుంటూనే తూచి ఇచ్చారు. ఒక్క మాట, చెకర్ రంగు గంట, రెండు గంటలు వెనకబడి ఉంటుంది. మూడింటికి మీరు చూసేది ఒంటిగంట సంగతి.

కాలువ నాచు (కర్నూలు):
సిలిండర్ గురించి ఎవరూ అడగలేదే. 31 డిగ్రీలు దాటితే లోపలి సీఓ2 ద్రవంగా ఉండదు. మే నెలలో మన ఇళ్లలో గది వేడి అంతకంటే ఎక్కువే. చలికాలంలో గ్యాస్ తగ్గుతున్నా ఒత్తిడి మీటరు ముల్లు ఒకేచోట నిలబడుతుంది, ఇప్పుడు వాడేకొద్దీ దిగుతూ పోతుంది. కాబట్టి ముల్లును నమ్మకుండా సిలిండర్‌ను తూకం వేయండి. గ్యాస్ అయిపోవచ్చే ముందు సింగిల్ స్టేజ్ (ఒత్తిడిని ఒకే దశలో తగ్గించే) రెగ్యులేటర్ ఒత్తిడి పెంచేస్తుంది, బుడగలు ఉన్నట్టుండి ఎక్కువవుతాయి. రీఫిల్ చేసేచోట "ఫుల్లుగా కొట్టు" అనకండి, ఎండల్లో అది ప్రమాదం. ఎంత బరువు పట్టించాలో సిలిండర్ మీద చూసి, అంతే పట్టించండి.

నన్నడిగితే ఈ ఊరి ఎండకు గ్యాసే వద్దు. వాలిస్నేరియా, హైడ్రిల్లా బోరు నీళ్లలోని బైకార్బొనేట్‌నే వాడుకుని పెరుగుతాయి.

నాపరాయి:
హైడ్రిల్లా పెంచుకోమంటే ఈయన రోటాలా ఎందుకు వేస్తాడు తమ్ముడూ!

తుంగభద్ర గట్టు:
4 కేహెచ్ నీళ్లు పోశాను. సాయంత్రానికి చెకర్ లేత పసుపు. బుడగలు తగ్గించి ఫిల్టర్ మూతి తిప్పాను, టెట్రాలు మధ్యలోనే తిరుగుతున్నాయి. ట్యాంకులో దుంగ లేదు, నల్ల కడప రాళ్లే పేర్చాను. ఆర్‌ఓ క్యాన్ నీళ్లు సగం కలిపితే కేహెచ్ దిగుతుందా?

బోరు నీళ్లే దిక్కు:
సంతోషం. అయితే రెండూ ఒకేసారి మార్చారు. ఏది పనిచేసిందో ఇప్పుడెలా తెలుస్తుంది? గ్యాస్ తగ్గించారు కాబట్టి ఇక నల్ల నాచు పట్టుకుంటుంది, చూస్తూ ఉండండి.

నాపరాయి:
ఏది పనిచేసిందో తెలీదన్న మాట ఒప్పుకుంటా. తేలాలంటే మూతి అలాగే ఉంచి గ్యాస్ కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి, అది కూడా ఇంట్లో ఉండి చేపల్ని చూసే రోజునే. నల్ల నాచు నేను చూసినంతవరకు రోజుకోసారి వాల్వ్ తిప్పే ట్యాంకుల్లోనే ఎక్కువ.

ఆర్‌ఓ సగం కలిపితే 14 కాస్తా 7కు దిగుతుంది కానీ ఆ రాళ్లుండగా అక్కడే నిలబడదు. మా కడప రాయంటే సున్నపురాయే. చిన్న ముక్క మీద నిమ్మరసం పిండి చూడండి, సన్నగా నురగ వస్తుంది. గ్యాస్ కలిసిన నీళ్లలో మెల్లగా కరిగి కేహెచ్‌ను మళ్లీ పైకి లాగుతుంది. చేపలకు దాంతో ఇబ్బందేమీ లేదు. లెక్క వేసేముందు మాత్రం కేహెచ్ మళ్లీ కొలవండి, పాత 14 పట్టుకుని కూర్చోవద్దు.