శక్త్యాగారం: ధాన్యాగారమా, కర్మాగారమా?

“మైటోకాండ్రియాలను కణ శక్త్యాగారాలు అనడం సరైనదేనా? ఆగారం అంటే నిల్వ చేసే చోటు కదా?” అన్న ప్రశ్నకు నా జవాబు ఇది.

శక్తి + ఆగారం, యణాదేశ సంధి. అందులో పేచీ లేదు. ఆగారం అంటే ఇల్లు, అంతే. నిల్వ అన్న అర్థం దాని ముందున్న మాటను బట్టి వస్తుంది. ధాన్యాగారంలో గింజలు దాస్తాం, కర్మాగారంలో పని జరుగుతుంది. మైటోకాండ్రియా రెండో కోవలోది. మొదటి కోవలోదని చదివితే పాఠమే తలకిందులవుతుంది.

ఎందుకంటే అక్కడ దాచేది చాలా తక్కువ. కొవ్వు, గ్లైకోజెన్ నిల్వలు వేరే చోట ఉంటాయి. కణం పనులకు కావలసిన శక్తిని అందించే అణువు ఏటీపీ. ఒంట్లో ఏ క్షణంలో చూసినా అది పావు కిలోకు మించదు. రోజంతా ఖర్చయ్యేది మాత్రం ఇంచుమించు మన బరువంత! విడిపోయిన అణువే మళ్లీ మళ్లీ తయారవుతూ ఉంటుంది.

ఆ తయారీ చూడండి. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలోని ప్రోటీన్ల మీదుగా చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. మనం పీల్చిన ఆక్సిజన్ నీరయ్యేది అక్కడే. దారిలో విడుదలైన శక్తితో ఆ ప్రోటీన్లు ప్రోటాన్లను పొర అవతలికి తోడిపోస్తాయి. అవి తిరిగి వచ్చే ముఖ్యమైన దారి ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్. శ్రీశైలం నీళ్లు టర్బైన్‌ను తిప్పినట్టు, ప్రోటాన్ల ఉరవడి దాన్ని నిజంగానే గిరగిరా తిప్పుతుంది. మన కణాల్లో ఒక చుట్టుకు 8 ప్రోటాన్లు లోపలికి వస్తే 3 ఏటీపీలు తయారవుతాయి. పొరకు అటూ ఇటూ ఉండే ప్రోటాన్ల తేడాయే ఏటీపీ తయారీకి మూలమని 1961లో పీటర్ మిచెల్ చెబితే చాలామంది ఒప్పుకోలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

— “శక్తి కేంద్రం” అంటే తేలికగా ఉంటుంది కదండీ?

తేలికే, కానీ కణంలో ఇప్పటికే కేంద్రకం ఉంది. పరీక్షలో పిల్లలు రెండింటినీ కలిపేస్తారు. నా ఓటు శక్త్యాగారానికే.

— మరి “శక్తిని ఉత్పత్తి చేస్తాయి” అనవచ్చా? శక్తిని ఎవరూ పుట్టించలేరు కదా?

మంచి ప్రశ్న. విద్యుదుత్పత్తి అన్నట్టే ఇదీ వాడుకలో చెల్లుతుంది. పాఠ్యపుస్తకంలో మాత్రం “ఆహారంలోని శక్తితో ఏటీపీని తయారుచేస్తాయి” అని రాయాలి. ఆ వాక్యం పక్కనే ఇంకొకటి కూడా చేర్చాలని నా కోరిక. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ ఏటీపీని కనుగొన్న కాలంలోనే, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని విడిగా కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగు పిల్లలు ఏటీపీ అన్న మాటతో పాటే ఆ పేరునూ నేర్చుకోవాలి.