కాల్‌బ్యాక్‌ని ‘అప్పగింత’ అనొచ్చా?

పోస్టు పెట్టినవారు:
ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగులో తడబడే పిల్లల కోసం పైథాన్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. లూప్‌ని లూప్ అనే రాస్తున్నా, ఈ తెలుగు మాటల గ్రూపులో ఎవరికైనా కోపమొస్తే మన్నించాలి. ఒక్కచోట మాత్రం కలం ఆగింది. పైథాన్‌లో రాసిన ఫంక్షన్‌ని సీ భాషలో ఉన్న లైబ్రరీకి ఇచ్చి, ‘నీకు పని పడ్డప్పుడు దీన్ని పిలుచుకో’ అంటాం కదా, ఆ కాల్‌బ్యాక్ దగ్గర.

నేను తీసుకున్న ఉదాహరణ సీలో అంకెల్ని వరసలో పేర్చే క్యూసార్ట్ ఫంక్షన్. దానికి నాలుగు సంగతులు చెప్పాలి: అంకెలు మెమరీలో ఎక్కడున్నాయి, ఎన్ని ఉన్నాయి, ఒక్కోటి ఎన్ని బైట్లు, రెండింటిలో ఏది ముందో తేల్చే ఫంక్షన్ ఏది. వరసలో పేర్చడం దానికొచ్చు, పోల్చడం మనం నేర్పాలి. 5, 1, 7, 33, 99 ఇచ్చామనుకోండి, మధ్యమధ్యలో మన పైథాన్ ఫంక్షన్‌ని పిలిచి ‘5, 1 ఈ రెంటిలో ఏది ముందు?’ అని అడుగుతుంది. రుణసంఖ్య ఇస్తే మొదటిది ముందు, ధనసంఖ్య ఇస్తే రెండోది ముందు, సున్నా ఇస్తే రెండూ సమానం.

‘తిరుగుపిలుపు’ అని రాసి చూశాను. మిస్డ్ కాల్ చూసుకుని ఫోన్ చేసినట్టుంది. ‘అప్పగింత ప్రమేయం’ అంటే ఎలా ఉంటుంది?

తెలుగు మాస్టారు, రిటైర్డ్:
ఫంక్షన్‌కి ప్రమేయం మంచి మాట. ఇంటర్ లెక్కల్లో ప్రమేయాలు చదివే వస్తారు, పిల్లలకి కొత్త కాదు. ఫంక్షన్ అంటే ఫంక్షన్ హాలు గుర్తొచ్చే రోజులు కూడాను. ‘నా ప్రమేయం లేకుండా జరిగిపోయింది’ అంటాం చూడండి, మీరు చెప్పే ప్రమేయం అలాంటిదే: రాసింది మీరు, ఎప్పుడు నడవాలో మీ చేతిలో లేదు. తిరుగుపిలుపుని అంత తేలిగ్గా తీసెయ్యకండి. పైథాన్ సీని పిలిచింది, సీ మళ్ళీ పైథాన్‌నే పిలిచింది. తిరుగుటపాలో జాబు వచ్చినట్టే కదా? కానీ చెవికి బాగుండదు, అది ఒప్పుకుంటాను. అప్పగింతకే నా ఓటు.

ప్రోగ్రామర్:
నా ఉద్యోగంలో ఇది రోజూ చేసే పనేనండి. ‘అప్పగింత’ అనొద్దని మనవి. అప్పగించడమంటే బాధ్యత కూడా అవతలివాళ్ళకి ఇచ్చేసి మనం చేతులు దులుపుకోవడం. పైథాన్‌లో ఇక్కడ చేతులు దులుపుకుంటే ప్రోగ్రామ్ కూలిపోతుంది.

సంగతేమిటంటే, పైథాన్‌లోంచి సీ లైబ్రరీలని పిలవడానికి సీటైప్స్ అనే మాడ్యూల్ ఉంది, 2006లో వచ్చిన 2.5 వెర్షన్ నుంచి భాషతోపాటే వస్తుంది. మన ఫంక్షన్‌ని నేరుగా సీకి ఇవ్వడం కుదరదు, ఎందుకంటే సీకి కావలసింది మెషిన్ కోడ్ (ప్రాసెసర్ నేరుగా నడిపే ఆదేశాలు) ఉన్న ఒక మెమరీ అడ్రస్. అందుకని సీటైప్స్‌లోని సీఫంక్‌టైప్‌తో మన ఫంక్షన్‌కి ఒక తొడుగు చేయిస్తాం. తిరిగిచ్చే విలువ రకం ముందు చెప్పి, తర్వాత తీసుకునే విలువల రకాలు వరసగా చెప్పాలి. ఆ తొడుగు వెనక చిన్న మెషిన్ కోడ్ ముక్క తయారవుతుంది, సీకి వెళ్ళేది దాని అడ్రసే.

పైథాన్ ప్రతి వస్తువునీ ఎంతమంది పట్టుకున్నారో లెక్క పెట్టుకుంటుంది, లెక్క సున్నా అయితే వస్తువుని తుడిచేస్తుంది. సీ లైబ్రరీ అడ్రస్ దాచుకున్న సంగతి ఆ లెక్కలోకి రాదు! కొత్తవాళ్ళు తొడుగు చేయడం, లైబ్రరీకి ఇవ్వడం రెండూ ఒకే లైనులో రాసేస్తారు, దానికి పేరు కూడా పెట్టరు. ఆ లైను పూర్తవగానే తొడుగు పోతుంది. మీ క్యూసార్ట్‌లో ఇది బయటపడదు, అది పని ముగించుకునే తిరిగొస్తుంది, తర్వాత ఆ అడ్రస్‌తో దానికి పని లేదు. అదే ‘బటన్ నొక్కితే దీన్ని పిలు’, ‘డేటా వస్తే దీన్ని పిలు’ అనే లైబ్రరీ అయితే అడ్రస్ దాచుకుని ఎప్పుడో పిలుస్తుంది. అప్పటికి అక్కడ తొడుగు ఉండదు. అదృష్టముంటే వెంటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ కూలిపోవడం. లేకపోతే పది రోజులు బాగానే నడిచి, ఆ చోట ఇంకేదో వచ్చి కూర్చున్నాక పడిపోతుంది, కారణం వెతకడం నరకం. తొడుగుని సీ వాడుతున్నంతకాలం మీరే పట్టుకుని ఉండాలని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది.

లువా భాషలో అయితే మీ మాట సరిపోతుంది. అక్కడ సీ వైపు కోడే లువా ఫంక్షన్‌ని రిజిస్ట్రీ అనే పట్టికలో పెట్టి ఒక నంబరు తీసుకుంటుంది. ఆ నంబరు వదులుకునేదాకా లువా దాన్ని తుడవదు. అది అప్పగింతే.

తెలుగు మాస్టారు, రిటైర్డ్:
అయితే మీకు కావలసిన మాట ‘ఎరువు’. పెళ్ళికి పక్కింటి నగ ఎరువు తెచ్చుకుని పెట్టుకుంటారు, వాడుక వీళ్ళది, సొత్తు వాళ్ళది. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్నారు. ‘ఎరువు ప్రమేయం’ అనండి.

వరంగల్ నుంచి ఒకరు:
సార్, ఎరువు అంటే ఇప్పటి పిలగాండ్లకు యూరియా బస్తానే యాదికొస్తది 😀. నాదొక డౌటు. పైథాన్ ఫంక్షన్ల ఏదన్న తప్పైతే ఏమైతది? క్యూసార్ట్‌కు ఎర్కైతదా?

ప్రోగ్రామర్:
తెలియదండి. ఇలాంటి తప్పుని పైథాన్‌లో ఎక్సెప్షన్ అంటారు, అదేమిటో సీకి తెలియదు. సీటైప్స్ ఆ తప్పుని తెరమీద అచ్చువేసి వదిలేస్తుంది, క్యూసార్ట్ తన పాటికి తాను పేర్చుకుంటూ పోతుంది. వరస తప్పొచ్చాక మనం తల పట్టుకోవాలి. తప్పుని ఫంక్షన్ లోపలే పట్టుకోవడం మేలు.

మాస్టారూ, మీ మాట విని కుర్చీలోంచి లేచాను. పైథాన్‌ని సీలో రాసినవాళ్ళు వాడే పరిభాషలో అచ్చంగా ఇదే భేదం ఉంది: వస్తువుని పట్టుకోవడాన్ని రిఫరెన్సు అంటారు, అందులో సొంత రిఫరెన్సు వేరు, ఎరువు రిఫరెన్సు వేరు. యూరియా గొడవ లేకపోతే రేపటి నుంచే వాడేవాణ్ణి.

పోస్టు పెట్టినవారు:
అందరికీ ధన్యవాదాలు. పేరు కాల్‌బ్యాక్ అనే ఉంచేస్తున్నాను. అప్పగింత కొట్టేశాను. ఎరువుని వివరణలో ఒకసారి, పక్కింటి నగతో సహా వాడుకుంటా. పాఠంలో వాక్యం ఇలా మార్చాను: ‘మీ ఫంక్షన్‌ని సీ లైబ్రరీకి ఎరువిస్తున్నారు. అది వాడుకుంటున్నంతసేపూ దాన్ని ఒక పేరుతో పట్టుకుని ఉండండి.’

తెలుగు మాస్టారు, రిటైర్డ్:
రెండో వాక్యంలో ‘అది’ ఎవరు, ‘దాన్ని’ అంటే దేన్ని? ఫంక్షన్‌నా, తొడుగునా?

ప్రోగ్రామర్:
తొడుగునే. మంచి ప్రశ్న, చాలామంది తడబడేది అక్కడే. ఫంక్షన్‌కి ఎలాగూ పేరుంటుంది, అది ఎక్కడికీ పోదు. పేరు లేనిది తొడుగుకి. వాక్యంలో ఆ మాట రాసెయ్యండి.